కుడి వరుసలో గులాబీ రంగు

మా ల్యాబ్‌లో ఎడమ వరుస రోగులది, కుడి వరుస ఆరోగ్యవంతులది. లివర్ గట్టిపడిపోయిన వాళ్ల రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, ఒక రోజు ఉంచి, అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎంత వదిలాయో చూస్తాం. రసాయనం కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఎంత ముదురైతే అంత ఎక్కువ; రోగులవి ముదురుగా, ఆరోగ్యవంతులవి లేతగా వస్తాయి.

రోగులకు కొదవ లేదు. ఆరోగ్యవంతులే దొరకరు, సూది అనగానే అందరికీ పనులు గుర్తొస్తాయి. అందుకే మా తమ్ముణ్ణి లాక్కొచ్చాను. లారీ నడుపుతాడు, గుండ్రాయిలా ఉంటాడు, మందు ముట్టడు.

"బిస్కెట్లైనా పెడతారా, ఉత్తినే తాగేస్తారా నా రక్తం?" అన్నాడు చెయ్యి చాపుతూ.

"చిన్నప్పట్నుంచీ నువ్వు నాది తాగట్లేదూ?" అన్నాను.

మర్నాడు కుడి వరుసలో ఒక్క గొట్టం ముదురు గులాబీ అయింది. వాడిదే. నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. పన్నెండేళ్లుగా చేస్తున్న పనిలో గొట్టాలు తారుమారు చేశానని తిట్టుకున్నాను. మళ్లీ రక్తం తీస్తే, ఈ పరీక్షలు చేయిస్తున్న లివర్ డాక్టరమ్మకు నా తప్పు తెలిసిపోతుంది. పుస్తకంలో 'నమూనా చెడిపోయింది' అని రాసి పారేశాను. అనుమానమంతా నా చేతుల మీదే, వాడి మీద ఇసుమంత కూడా రాలేదు.

ఐదు నెలలకు తమ్ముడు ఉబ్బిన పొట్టతో వచ్చాడు. లావెక్కాడని మా మరదలు అన్నం తగ్గించేసిందట. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, స్కాన్ తీయించింది.

"వీడు తాగడండీ, ఒట్టు!" అన్నాను, ఎవరో నింద వేసినట్టు.

"తాగితేనే వస్తుందా? కొవ్వు పేరుకుని పేరుకుని కూడా గట్టిపడుతుంది. ఇలా నీరు చేరకముందే వచ్చుంటే చాలావరకు ఆపేవాళ్లం."

ఆ రంగు జబ్బు పేరు చెప్పదు, నిజమే. కానీ వాణ్ణి అప్పుడే స్కాన్‌కి పంపడానికి అది చాలేది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"వచ్చాడు మేడమ్. ఐదు నెలల కిందటే కుడి వరుసలో ఉన్నాడు. ముదురు గులాబీ వస్తే నా పొరపాటనుకుని నేనే పారేశాను."

తమ్ముడు ఏదైనా జోకు వేస్తాడేమోనని వాడి మొహం చూశాను. వెయ్యలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి వాడే చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు చాపాడు.

"తియ్యక్కా. ఈసారి పారెయ్యకు."