మామకు నేర్పరాని పాఠం

సుందరమూర్తి మేట్టుపాళయం వక్కల మండీలో నోటి బలంతో బతికినవాడు. అలాంటి మనిషి మూత్రం ఆగిపోయి ట్యూబు వేయించుకుని, ఆ మూత్రం సంచిని పసుపు గుడ్డసంచిలో దాచి, భుజాన తగిలించుకుని, పైన తువ్వాలు కప్పుకుని మండీకి వెళ్లాడంటే ఎవరు నమ్ముతారు? ఏమిటది అని అడిగినవాళ్లకు కాయగూరలని చెప్పాడట. సంచి భుజానికెక్కితే నీళ్లు దానిలోకి ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి. చలిజ్వరంతో వణుకుతూ మళ్లీ కోయంబత్తూరు ఆసుపత్రిలో వచ్చిపడ్డాడు. ఆపరేషన్ అయ్యేదాకా ట్యూబు ఉండాల్సిందే, దాన్ని తన చేతులతో చూసుకోవడం వచ్చాకే ఇంటికి పంపుతానని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ మహానుభావుణ్ణి తీసుకొచ్చి ఇందుజ నెత్తిన పెట్టారు. ఇందుజ నర్సింగ్ మూడో ఏడు. రోగికి పాఠం చెప్పే పరీక్ష ఒకసారి తప్పింది. అప్పుడు ఆమె షుగర్ గురించి చెబుతుంటే రోగి గురక పెట్టాడు. ఈసారి కూడా తప్పితే తోటివాళ్లంతా ఆఖరి ఏడాదికి వెళ్లిపోతారు, తను చిన్నవాళ్లతో కలిసి మళ్లీ మొదటినుంచి చదవాలి. అందుకే పాఠం ప్రణాళిక ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. లక్ష్యాలు రాసింది, చార్టు మీద రంగులతో బొమ్మ వేసింది. చివరికి రోగి అంతా తన చేత్తో చేసి చూపాలి. షణ్ముగప్రియ మేడం మార్కులు వేసేది దానికే.

మొదటిరోజు పాఠం తమిళంలో చెప్పింది. సుందరమూర్తి కళ్లు మూసుకుని "సరిమ్మా, సరిమ్మా" అన్నాడు. అంతా అయ్యాక భార్య అంజలమ్మ వైపు తిరిగి తెలుగులో గొణిగాడు.

"ఉచ్చ పోసేది ఎట్లని ఈ పిల్ల నాకి పాఠం చెప్తా ఉంది. ఆ బొమ్మ చూడు, వంకాయ మాదిరి ఉండాది."

"వంకాయ కాదయ్యా, మీ లోపలుండే సంచే అది" అంది ఇందుజ, అదే తెలుగులో.

ముసలాయన కళ్లు టక్కున తెరుచుకున్నాయి. "మనోళ్ల పిల్లవా? ముందే చెప్పకూడదా. ఇంటిపేరు ఏమి?"

ఆ సీమలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే కాఫీకంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఎవరితో వియ్యమందవచ్చు, ఎవరితో వేళాకోళమాడవచ్చు అన్నది దానితోనే తేలుతుంది. ఎవరి చేతి నీళ్లు తాగవచ్చన్నదీ దానితోనే తేలుతుంది, కాకపోతే ఆ సంగతి ఎవరూ పైకి అనరు. ఇందుజకూ ఇంటిపేరు ఉంది. అది చెబితే ఈ కళ్లు మళ్లీ మూసుకుంటాయేమోనని భయపడింది. హాస్టల్లో తన గదిలో ఉండే బృంద ఇంటిపేరు నాలిక చివర సిద్ధంగా ఉంది.

"మల్లెలోళ్లము" అనేసింది.

అంజలమ్మ తొడ చరుచుకుంది. "మా పుట్టింటోళ్లే."

సుందరమూర్తి లెక్క వేశాడు. "అయితే నీకి మేనకోడలు. నాకి కోడలు." అంటూనే దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "కోడలి ముందర మామ ఇదంతా ఎత్తి చూపిస్తాడా? వెట్కం కదమ్మా, సిగ్గు పోతాది. మీ నాయన్ని రమ్మను, కాఫీ తాగుదాము. ఈ పాఠం మాత్రం వద్దు."

అబద్ధం ఆడితే ఆడింది, వరస చూసుకుని ఆడొద్దూ ఈ పిల్ల? చార్టు చుట్టుకుని వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

కాసేపటికి అంజలమ్మ చెంబు పట్టుకుని నీళ్లకోసం బయటికి వచ్చింది. మొగుణ్ణి ఎలాగైనా ఇంటికి చేర్చాలని ఆమెకు తొందరగా ఉంది. మంచంమీదినుంచి ఆయన పెడుతున్న పోరు పడలేకపోతోంది.

"మీ నాయన పేరేమి?"

"మోహన్‌రాజ్."

"మా అన్నకి మోహన్ అని ఒక కొడుకు ఉండాడు. అతనే మీ నాయన అనుకో. అప్పుడు నువ్వు నాకి మేనల్లుడి కూతురివి. ఆయనకి మనవరాలివి. మనవరాలి ముందర తాతకి ఏమి వెట్కం?" అని, గోడమీద బల్లిని చూస్తున్నట్టు అటు తిరిగింది.

లోపలికి వెళ్లి మొగుడికీ అదే చెప్పింది. అలా పొద్దున కోడలిగా ఉన్న ఇందుజ సాయంత్రానికి ఒక తరం కిందికి దిగి మనవరాలయింది. దుప్పటి కూడా కిందికి దిగింది.

"ఏమే, ఈ తాతని కట్టుకుంటావా?" అన్నాడు సుందరమూర్తి. నోరు మళ్లీ మండీలో ఉన్నట్టే ఉంది.

"ముందు సబ్బుతో చేతులు కడగండి తాతా. ముహూర్తం తర్వాత చూద్దాము."

ఇక పాఠం పరిగెత్తింది. ట్యూబును ఒంటివైపునుంచి బయటికి తుడవాలి, మెలిక పడనివ్వకూడదు, సంచి నేలకు తగలకూడదు. ముసలాయన ఆ సంచికి చిన్నిల్లు అని పేరు పెట్టాడు, ఎక్కడికి పోయినా వదిలిపెట్టదని.

"చిన్నిల్లుని నడుముకి కిందే ఉంచాల" అంది ఇందుజ. "భుజానికి ఎక్కించుకుంటే ఏమయిందో చూసినారు కదా."

"చూసినానే తల్లీ."

మర్నాడు మేడం వచ్చింది. పక్క మంచం దగ్గర ఇంకో అమ్మాయి చెప్పే పాఠం వింటోంది. సుందరమూర్తి మంచి హుషారుగా ఉన్నాడు. చేతిలో ఫోను ఉంది.

"మా మనవడు సెంథిల్‌కుమార్ ఉండాడు, ఇంజినీరు. నీకీ వాడికీ వరస కుదురుతాది. మీ నాయన మోహన్‌కి ఇప్పుడే ఫోన్ కొడతాను" అని నంబరు వెతకసాగాడు.

ఇందుజ ఇంకొక్క గడియ నోరు మూసుకుంటే మార్కులు చేతికొచ్చేవి. కానీ ఆ ఫోను మోగితే ఏ ఊరి మోహనో ఎత్తుతాడు.

"వద్దు తాతా. మా నాయన ఆ మోహన్ కాదు. మేము మల్లెలోళ్లము కాము. మా నాయన కార్పొరేషన్ చెత్తలారీ తోలుతాడు. మేము ఊరికి అవతలుండే కాలనీవాళ్లము, చర్చికి పోయేవాళ్లము. మీరు పాఠం వినాలని అబద్ధం చెప్పినాను."

ఫోను దుప్పటిమీద పడింది. నిన్న ఒక్క ఊపిరిలో తరం దించిన అంజలమ్మకు ఇప్పుడు ఏ లెక్కా అందలేదు. ఆమె ఇందుజ చేతి పక్కనున్న మంచినీళ్ల గ్లాసు తీసి అవతలి కిటికీలో పెట్టింది. పరీక్ష పోతుందన్న దిగులుకంటే ఆ గ్లాసే ఇందుజను ఎక్కువ బాధ పెట్టింది.

సరిగ్గా అప్పుడే మేడం వచ్చి మంచం ముందు నిలబడి, మొదలుపెట్టమంది.

ఇందుజ చార్టు విప్పింది. సుందరమూర్తి ఆమెనే చూస్తున్నాడు.

"కోడలివి కావు కదా" అన్నాడు తెలుగులో.

"కాను."

"మనవరాలివీ కావు."

"కాను."

"మరి ఎవురి ముందర వెట్కపడాల నేను?"

అంటూ దుప్పటి పక్కకు తోశాడు. చేతులు కడుక్కున్నాడు. తుడవాల్సిన తీరుగానే తుడిచాడు. ట్యూబులో మెలిక ఉందేమో వేలితో తడిమి చూశాడు. సంచి ఎక్కడ ఉండాలని మేడం తమిళంలో అడిగింది.

"ఎప్పుడూ నడుముకి కిందే మేడం. చిన్నిల్లుని నెత్తికెక్కిస్తే కాపురం చెడుతాది" అన్నాడు తనూ తమిళంలోనే.

మేడం పెదవి కొరుక్కుని మార్కులు వేసింది. ఇక మిగిలింది మరుగుదొడ్డిదాకా నడిచి సంచి ఖాళీ చేయడమే. మంచం దిగి వేష్టి బిగించుకోవాలంటే సంచి ఎవరైనా పట్టుకోవాలి. అంజలమ్మ చెయ్యి చాపింది. ముసలాయన ఆ చెయ్యిని చూశాడు, కిటికీలో గ్లాసును చూశాడు. సంచిని ఇందుజకు ఇచ్చాడు.

"కిందికి పట్టుకో. పైకెత్తితే వెనక్కి తంతాది."

"సరి తాతా."

"నడుస్తా నడుస్తా ఇంటిపేరు చెప్పు. ఈసారి నీది చెప్పు."

ఆమె చెప్పింది.