లెక్కకు రాని తీగ

"వీటిల్లో అబద్ధం చెప్పనిది ఏదయ్యా?" అని అడిగింది అత్తగారు, బల్ల మీద పెట్టిన మూడు మీటర్లనీ కళ్ళజోడు ఎత్తి చూస్తూ.

కొట్టాయన నవ్వాడు. "మూడూ నిజమే చెబుతాయి మామ్మగారూ. కాకపోతే ఒక్కోదాన్ని ఒక్కో ప్రశ్న అడగాలి."

ఆ మాట కోడలికి నచ్చింది. బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

వాళ్ళకి కావలసింది ఇంటిబండికి బ్యాటరీ మీటరు. ఇంటిబండి అంటే ఒకప్పటి సరుకుల వ్యానే. అందులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చి, కప్పు మీద సోలారు పలకలు బిగించి, కోడలి భర్త దాన్ని ఇల్లు చేశాడు. కరెంటు స్తంభం కంటికి ఆనని చోట తీసుకెళ్ళి నిలబెట్టడం అతని సరదా. నిరుడు వానల్లో అతను ఉన్నట్టుండి పోయాడు. బండి పెరట్లో నిలబడిపోయింది. ఇన్నాళ్ళకి అత్తగారు నోరు తెరిచి ఒక కోరిక కోరింది. కొండ వెనక చెరువు గట్టుకి వాడు ఊరికే వెళ్ళేవాడు కదా, అక్కడ మూడు రాత్రులు ఉండి రావాలిట.

కోరిక చిన్నదే. అడ్డం కూడా చిన్నదే, వేలెడంత సీసా. అత్తగారికి రోజూ ఇన్సులిన్ పడాలి. ఎండ ముదిరిందంటే బండి లోపల పెనంలా కాలుతుంది. ఫ్రిజ్ ఆగిందా, మందు పాడవుతుంది. మందుల కొట్టున్న చోటికి అక్కణ్ణుంచి సగం రోజు ప్రయాణం. అందుకని పక్క వీధిలో ఉండే పెద్దాడపడుచు ఒకటే మాట అంది: "బ్యాటరీలో ఎంతుందో, ఎన్నాళ్ళొస్తుందో నాకు చూపించండి. అప్పుడు అమ్మని పంపిస్తాను. దేవుడి మీద భారం వేసి మాత్రం పంపను."

భర్త ఉన్నన్నాళ్ళూ మీటరు అతనే. ఫ్యాను చప్పుడు విని, "ఇంకో రెండు రాత్రులకి ఢోకా లేదు" అనేవాడు. ఎలా తెలుసని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది.

"ఇదేం చెబుతుంది?" మొదటిదాన్ని చూపించింది.

"వోల్టులమ్మా. బిగించడం తేలిక. పాతరకం బ్యాటరీ అయితే, ఛార్జి తగ్గేకొద్దీ మొహం వాడిపోతుంది, ఇది పట్టేస్తుంది. మీది లిథియం అన్నారు. అది కడదాకా మొహం మార్చదు. నవ్వుతూ నవ్వుతూనే ఉండి, ఒక్కసారి కూలబడుతుంది."

కోడలు ఆ మీటరుని తీసిన చోటే మెల్లిగా పెట్టేసింది. అత్తగారు వీధివైపు చూసింది. కొట్టాయనకి తనేమన్నాడో తెలీదు.

"మరి ఇది?"

"ఇది మొహం చూడదు, లెక్కపెడుతుంది. ఈ ఇత్తడి దిమ్మ ఉందే, దీన్ని షంట్ అంటారు. బ్యాటరీ నల్ల తీగ దారికి అడ్డంగా కూచుంటుంది. ఎంత లోపలికొచ్చింది, ఎంత బయటికి పోయింది, ఎంత మిగిలింది. నూటికింత అని తెర మీద చూపిస్తుంది."

"అంటే నువ్వేనన్నమాట" అంది అత్తగారు కోడలితో.

నిజమే. కోడలు పనిచేసేది ఈతకొలను గేటు దగ్గర. లోపలికెళ్ళే ప్రతి తలకీ కుడిచేతి మీట ఒక నొక్కు, బయటికొచ్చే ప్రతి తలకీ ఎడమచేతి మీట ఒక నొక్కు. సాయంత్రం రెండూ సరిపోతేనే గేటుకి తాళం.

మూడోది కూడా లెక్కపెట్టేదే, కానీ తెర లేదు. ఫోన్లో చూసుకోవాలి.

"ఫోను చచ్చిపోతే?" అంది అత్తగారు.

"ఛార్జింగు పెట్టుకోవాలండి."

"బ్యాటరీలో ఎంతుందో చూడ్డానికి బ్యాటరీ ఖర్చు పెట్టాలా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

అలా రెండోది ఇంటికొచ్చింది. అంకెలు లావుగా ఉన్నాయి, అత్తగారు కళ్ళజోడు లేకుండానే చదివింది. వచ్చేముందు కొట్టాయన వెనక్కి పిలిచి మరీ చెప్పాడు: "ప్రతి నల్ల తీగా ఈ దిమ్మ మీదుగానే పోవాలమ్మా. ఒక్కటి తప్పినా లెక్క గోవిందా."

కోడలు మంచం పలక ఎత్తి, భర్త పానాలతోనే బిగించింది. అత్తగారు పక్కన కూచుని టార్చి పట్టింది. వెలుగు ఎక్కువసేపు కోడలి చెవి మీదే పడింది. కనబడిన నల్ల తీగలన్నీ దిమ్మ అవతలి మరకి చేర్చాక, బ్యాటరీ నిండిందని మీటరుకి చెప్పారు. తెర మీద నూరు పడింది. ఇక పరీక్ష. సోలారు పలకల మీద దుప్పటి కప్పి మబ్బు పట్టిందనుకున్నారు. ఫ్రిజ్‌లో ఖాళీ మందు సీసాల్లో నీళ్ళు పోసి పెట్టారు. ఆ రాత్రి బండిలోనే పడుకున్నారు.

తెల్లారి చూస్తే తొంభై ఏడు.

"చూశావా నా కొడుకు బ్యాటరీ" అంది అత్తగారు. అప్పుడే కూతురికి ఫోను చేసి అంకె చెప్పేసింది. "ఇంకేం మరి, వెళ్ళి రండి" అంది ఆడపడుచు.

అత్తగారు చీరలు తీయడానికి ఇంట్లోకి వెళ్ళింది. కోడలు మాత్రం ఫ్రిజ్ మీద అరచెయ్యి ఆనించి కూచుంది. లోపల మోటారు గుర్రుమంటోంది. రాత్రంతా గుర్రుమంది. నూటికి మూడే తిని ఇంత గుర్రా?

దీపం ఆర్పింది. తెర మీద బయటికి పోయే కరెంటు అంకె తగ్గింది. ఫ్యాను ఆర్పింది. ఏమీ బయటికి పోవడం లేదని సున్నా చూపించింది. మోటారు మాత్రం అరచేతి కింద తిరుగుతూనే ఉంది.

ఈతకొలను దగ్గర ఒకసారి ఇలాగే అయింది. గేటు లెక్కలో లోపల ఆరుగురు మిగిలారు. నీళ్ళన్నీ గాలించారు. చివరికి ఆ ఆరుగురూ పంపుగది తలుపులోంచి బయటికెళ్ళి, రోడ్డు మీద టీ తాగుతూ దొరికారు. ఆమె లెక్క తప్పలేదు. ఆమె ముందునుంచి పోనివాళ్ళని ఆమె ఎలా లెక్కపెడుతుంది?

మెయిన్ స్విచ్చి కూడా ఆర్పింది. బండిలో ఇక ఏదీ పనిచెయ్యకూడదు. ఫ్రిజ్ ఆగలేదు.

చెక్క పలక ఊడదీసి, ఫ్రిజ్ వెనకనుంచి తీగల్ని వేలితో పట్టుకుని పోయింది. ఒక ఎర్రది, ఒక నల్లది, మిగతా తీగల గుంపులో కలవకుండా చెక్క వెనక దూరి, స్విచ్చినీ దిమ్మనీ తప్పించుకుని, తిన్నగా బ్యాటరీ దగ్గర తేలాయి. చెయ్యి దూరని సందులో, శ్రద్ధగా, జానెడుకొక మేకు కొట్టి మరీ లాగి ఉన్నాయి. పొరపాటున జరిగిన పని కాదు.

అత్తగారు చీరతో సహా వచ్చి తొంగిచూసింది. "ఏమిటే ఆ తవ్వకం?"

"ఫ్రిజ్‌కి వేరే దారి ఉంది అత్తయ్యా. మెయిన్ ఆర్పినా ఆగదు."

"ఎందుకలా చేశాడు?"

ఎవరూ లేని గదిలో దీపం వెలుగుతుంటే అత్తగారికి నిద్రపట్టదు. ఆవిడ పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చిలన్నీ కట్టేస్తుంది. పక్కింటివాళ్ళ వరండా దీపం కూడా ఒకటి రెండుసార్లు ఆర్పి వచ్చింది.

"మీరు ఆర్పేస్తారని."

అత్తగారు మంచం అంచున కూచుంది. చీర మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"వెధవ" అంది చివరికి, మెత్తగా. "నాతో ఒక్క ముక్క అనలేదు."

"అని ఉంటే ఇంకో స్విచ్చి ఉందా అని వెతికేవారు."

"వెతికేదాన్నే."

కోడలు నల్ల తీగ ఒక్కదాన్నే విప్పి, దిమ్మ మీదికి మార్చింది. ఎర్ర తీగని ముట్టుకోలేదు. లెక్కకి నల్లది చాలు. ఫ్రిజ్‌ని ఎవరూ ఆర్పకుండా చూసేది ఎర్రది.

దుప్పటి తీసి బ్యాటరీని ఎండలో నిండనిచ్చి, మళ్ళీ కప్పారు. ఈసారి రెండు రాత్రులు ఆగారు. అంకె దాచుకోకుండా దిగింది. రెండో రాత్రి తెల్లారేసరికి ముప్ఫై నాలుగు.

"మూడో రాత్రికి రాదు" అంది కోడలు.

"అక్కడ ఎండ కాస్తుందిలే. అమ్మాయికి చెప్పకు. తొంభై ఏడు విని ఒప్పుకుంది కదా, విన్నదాన్ని విన్నట్టు ఉండనీ."

కోడలికి కూడా ఆ చెరువు గట్టు చూడాలనే ఉంది. అతను అంతంతసేపు అక్కడ ఏం చూసేవాడో తెలుసుకోవాలని ఉంది. ఫోను కాసేపు చేతిలో తిప్పి, ఆడపడుచుకి చేసింది. తీగ సంగతి, ముప్ఫై నాలుగు సంగతి చెప్పింది.

ఆడపడుచు రెండు అంకెలూ మళ్ళీ చెప్పించుకుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదు వదినా."

"మబ్బేసినా రెండు రాత్రులు ఖాయమా?"

"ఖాయం."

"అయితే రెండు రాత్రులకే వెళ్ళండి. ఫోను అమ్మకివ్వు."

అత్తగారు ఫోను చెవికి ఆనించుకుని ఊఁ కొట్టింది, మొహం ముడుచుకుంది, ఇంకో రెండు ఊఁలు కొట్టి పెట్టేసింది.

"ముప్ఫైకి దిగిందంటే ఏ వేళైనా సరే బండి తిప్పెయ్యాలిట. తిప్పుతావా?"

"తిప్పుతాను."

"నేను ఏడ్చినా?"

"ఏడ్చినా."

అత్తగారు ఆ జవాబుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, తెర ముందు నిలబడింది.

"అయితే ఇది చూడ్డం నాకూ నేర్పు. ఈ పక్కన మైనస్సు ఎందుకు పడుతోంది? ఫ్యాను వేస్తే ఎంత తింటుంది? వెయ్యి, చూద్దాం."