తుంటి లాగిన వైపు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే కత్తెరమ్మ చేసే మొదటి పని కుర్చీలు వెనక్కి నెట్టడం. జుట్టు కత్తిరించే కుర్చీలు రెండూ రాత్రికి రాత్రే అద్దాల ముందు నుంచి కదిలొచ్చి, షట్టరుకి ఆనుకుని నిలబడేవి. తల కడిగే తొట్టి గోడకి బిగించి ఉంది కాబట్టి ఎటూ పోలేక, మెడ మాత్రం పెద్దరోడ్డు వైపు సాచేది. వాయిదాల మీద కొన్న వస్తువుకి రెండు వాయిదాలు తప్పితే అప్పిచ్చినవాడి వైపు నడుస్తుంది. ఆ వీధిలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఎదురుగా ఉన్న టీకొట్టాయన తన ఫ్రిజ్‌ని గొలుసేసి స్తంభానికి కట్టుకున్నాడు. పక్కింటాయన స్కూటరెక్కడం మానేశాడు. ఎటు తిప్పినా అది పెద్దరోడ్డు మీది ఫైనాన్సు కంపెనీ గేటు దగ్గరే దింపుతోందట.

కుర్చీలతో పెద్ద పేచీ లేదు. కాలితో ఒక్క తోపు తోస్తే వెళ్ళి వాటి చోట్లో నిలబడతాయి. తంటా అంతా అత్తగారితోనే.

అత్తగారి ఎడమ తుంటి కూడా వాయిదాలదే. స్నానాలగదిలో జారిపడి ఎముక విరిగితే, లోహపు తుంటి వేయించడానికి కత్తెరమ్మే ఆ కంపెనీలో సంతకం పెట్టింది. నిజానికి కొడుకు పెట్టాల్సిన సంతకం. కానీ అతగాడు అంతకు ముందే తన దారి తాను చూసుకున్నాడు. పోతూ పోతూ చేతిరుమాళ్ళతో సహా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుని, అమ్మనీ అప్పుల్నీ మాత్రం ఇంట్లో మరిచిపోయాడు.

తుంటి లాగుతుంటే ముసలావిడ ఆగలేకపోయేది. కూరగాయలు తరుగుతూ తరుగుతూనే లేచి, కత్తిపీట వదిలేసి, వీధిలోకి నడిచేది. అందుకని దుప్పటి మడిచి నడుముకి చుట్టి, మంచం కోడుకి కట్టేసి ఉంచేది కోడలు.

"ఏం లాగుడే అమ్మాయ్ ఇది," అనేది అత్తగారు. "కన్నకొడుకు వద్దనుకున్నాడు. లోకంలో నన్ను కావాలనుకునేది ఆ కంపెనీ ఒక్కటే."

"టీ చల్లారిపోతోంది, తాగండి."

"చల్లారకపోతే నువ్విచ్చిన టీ ఎలా అవుతుంది?"

ఆవిడ నోరు అలాంటిది. కొడుకు వెళ్ళిపోయిన రోజున కోడల్ని ఎగాదిగా చూసి, "నీలో ఏముందని ఉంటాడు" అంది. కత్తెరమ్మ ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటుందని అత్తగారూ అనుకోలేదు. ఆ ఇంట్లో ఆ మాట మూడో మనిషిలా తిరిగేది.

వీధి మొదట్లో ఏసీ సెలూన్ ఒకటి తెరిచాక ఈ కొట్టుకి వచ్చే తలలు తగ్గాయి. ఉన్న నలుగురిలో ఒకాయనకి చెవి పక్కన కత్తిరిస్తుండగా, కుర్చీ ఉన్నట్టుండి పెద్దరోడ్డు వైపు ఒక్క అడుగు వేసింది. చెవి తమ్మె తెగింది. ఆయన తుండుగుడ్డ అదిమిపట్టుకుని, డబ్బులివ్వకుండా, తిట్టకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బావుండేది. నెత్తురు తుడుస్తూ కత్తెరమ్మ, ఇక దివాలా పిటిషన్ వేయాల్సిందేనని తేల్చుకుంది.

లాయరు అంతా విని, "ఫీజు మొత్తం ముందే ఇవ్వాలమ్మా," అన్నాడు.

"వాయిదాల్లో కడతానండీ."

"దివాలా తీస్తానని వచ్చి, నాకే అప్పు పెడతానంటే ఎలా?" కోపం లేకుండానే అన్నాడు. "నీ అంతట నువ్వే వేసుకోవచ్చులే, చట్టం కాదనదు. సొంతంగా జుట్టు కత్తిరించుకోడానికి మాత్రం ఎవరడ్డొస్తారు? అలాంటివాళ్ళు ఆఖరికి ఎవరి దగ్గరికి చేరతారో నీకే తెలియాలి."

ఆమెకి తెలుసు. టోపీ పెట్టుకుని వస్తారు. ముందంతా బానే ఉంటుంది, వెనక ఎలుకలు కొట్టినట్టుంటుంది. అయినా దారంతా ఆలోచించింది. ఆ ఫీజే చేతిలో ఉంటే వాయిదాలు కట్టి కుర్చీల కాళ్ళు కట్టేసేది కదా. ములగచెట్టు ఎక్కడానికి నిచ్చెన అడిగితే, ముందు మునక్కాడలు తెమ్మన్నట్టుంది. వెనక్కి తిరిగి లాయరు మెట్లెక్కలేదు. నేరుగా కోర్టుకి వెళ్ళింది.

అక్కడి గుమాస్తా కాగితాల కట్ట ఇచ్చి, "కాగితాలివ్వడం వరకే నా పని. సలహా చెప్పకూడదు," అన్నాడు.

"ఒక్క మాటండీ. తుంటి వస్తువు కిందికొస్తుందా, మనిషి కిందికొస్తుందా?"

"దాన్నే సలహా అంటారు."

మధ్యాహ్నం కొట్టు మూసి, అత్తగారి మంచం పక్కనే కూర్చుని కాగితాలు నింపింది. వాయిదాల మీదున్నవన్నీ రాయాలి. ఒక్కోదాని పక్కనా రెండు గడులు. ఉంచుకుంటున్నాను, వదులుకుంటున్నాను. ఉంచుకునేవాటికి ఒక హద్దుంది. కుర్చీలూ తొట్టీ కలిపితే హద్దు నిండిపోతుంది. తుంటి ఒక్కటే వేసినా నిండిపోతుంది.

"నన్ను ఏ గడిలో రాస్తున్నావ్?" అడిగింది అత్తగారు.

"ఇంకా రాయలేదు."

"వదులుకుంటే ఏమవుతుంది, కోసి తీసుకుంటారా?"

"కొయ్యరట. తుంటి ఎక్కడుంటే మనిషీ అక్కడుంటారు."

ముసలావిడ నడుముకున్న దుప్పటి ముడి సవరించుకుంది. "కుర్చీలే ఉంచుకో. అవి సంపాదిస్తాయి, నేను తింటాను."

అని ఆగింది. ఏం మాటలత్తయ్యా అవి అని కోడలు అంటుందేమోనని ఆగింది. ఆ ఒక్క మాట అంటే చాలని కత్తెరమ్మకీ తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఆ వెనకే, నీలో ఏముందని ఉంటాడు అన్న మాటా వచ్చి, దానికి అడ్డంగా నిలబడింది. పెన్ను తీసి తుంటి పక్కన రెండో గడిలో టిక్కు పెట్టింది. పెన్ను గీరిన చప్పుడు ఇద్దరికీ వినపడింది.

కోర్టులో ముద్ర పడ్డ క్షణాన కుర్చీలు నిలబడిపోయాయి. తొట్టి మెడ వెనక్కి తీసుకుంది. వదులుకున్నవాటికి అడ్డం పెట్టకూడదని కాగితంలోనే ఉంది కాబట్టి, ఇంటికొచ్చి దుప్పటి ముడి విప్పింది.

"చెప్పులు నావేనా, కంపెనీవా?" అడిగింది అత్తగారు.

"మీవే."

"అయితే వేసుకుంటాను."

ఆవిడ ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక వీధిలోకి నడిచింది. టీకొట్టాయన దారికి అడ్డంగా ఉన్న బల్ల పక్కకి జరిపాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలనుకున్నా తుంటి తిరగనివ్వదు. ఆ సాయంత్రం కత్తెరమ్మ ఇద్దరికి కత్తిరించింది. కుర్చీ కదల్లేదు. ఇంటికొచ్చి రెండు కప్పులు కడిగి, ఒకటి మళ్ళీ బోర్లించింది.

నెల తిరిగాక కోర్టులో విచారణ. ఆస్తుల అధికారి కాగితాలు తిప్పుతూ తుంటి దగ్గర ఆగాడు. "ఇదెందుకు వదులుకున్నారు?"

"హద్దు దాటుతుందనండీ."

"ఒంట్లో అమర్చినవాటికి హద్దు లేదమ్మా. ఆఖరి పేజీ వెనక వేరే గడి ఉంది. అక్కడ రాసుకుంటే అదీ ఉండేది, కుర్చీలూ ఉండేవి." ఆయన పేజీ తిప్పి చూపించాడు. ఆమె అసలు తిప్పి చూడని వైపు అది. "లాయరుంటే చెప్పేవాడు. ఇప్పటికీ మించిపోలేదు, ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

పెట్టింది. అంత సుళువుగా అయిపోయింది.

అక్కణ్ణుంచి నేరుగా కంపెనీ గోదాముకి పరిగెత్తింది. ఫ్రిజ్‌లు, బీరువాలు, కుట్టుమిషన్లు బారులు తీరి ఉన్నాయి. అత్తగారు వాటి మధ్య లేదు. గేటు పక్క గదిలో, మెత్తటి కుర్చీలో, చెవి దగ్గర ఫోనుతో ఉంది. మొదట్లో ఫ్రిజ్‌ల పక్కన స్టూలేసి కూర్చోబెట్టారట. బాకీల కోసం ఫోన్లు చేసే మనిషి మానేసిన రోజున, ఈవిడ విసుగెత్తి ఫోను అందుకుని ఎవరినో నాలుగు దులిపితే, వాడు సాయంత్రానికల్లా వచ్చి బాకీ కట్టేశాడట. అప్పట్నుంచి ఆ పని ఆవిడదే.

"బాబూ, ఈ నెల కట్టకపోతే నీ మంచం నడిచొస్తుంది. నీ పెళ్ళాం దాని మీద పడుకునుంటే ఆవిడా వస్తుంది. తర్వాత నీ ఇష్టం." ఫోను పెట్టేసి కోడల్ని చూసింది. "ఏమిటిలా వచ్చావ్?"

"తప్పు రాశాను అత్తయ్యా. దిద్దించాను. ఇక మీ తుంటి ఎవరిదీ కాదు, మీదే. ఇంటికి రండి."

ముసలావిడ లేచి నిలబడింది. ఒక అడుగు గేటు వైపు వేసింది, ఒకటి గోడ వైపు వేసింది. ఎటు వేస్తే అటు పడింది. లాగుడు లేదు. కత్తెరమ్మ చెయ్యి చాపింది. ఆవిడ ఆ చెయ్యి చూసి, నడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంది.

"వాడు కొత్తగా కారు కొన్నాడే అమ్మాయ్. ఈ కంపెనీలోనే. ప్రతి నెలా నేనే ఫోన్ చేస్తాను."

కత్తెరమ్మకి చప్పున అర్థం కాలేదు. వాడంటే తన మొగుడేనని అర్థమయ్యాక, "ఏమంటారు?" అంది.

"కట్టేశానండీ అంటాడు. మర్యాదగానే మాట్లాడతాడు. నా గొంతు గుర్తుపట్టడు." ఆవిడ గేటు కనిపించేలా కుర్చీ కొంచెం జరుపుకుంది. "ఏదో ఒకనాటికి రెండు నెలలు తప్పకపోతాడా. కారు తిన్నగా ఇక్కడికే తెస్తుంది, లోపల వాడుంటే వాడితో సహా. నేను ఇంట్లో ఉంటే ఎలా?"

ఫోను మోగింది. ఆవిడ ఎత్తి, గొంతు సవరించుకుంది.