అరవై అని రాసిందెవరు

సోమవారం పొద్దున రజితకు కొత్త పని అప్పగించారు. మంగళవారం సాయంత్రానికి ఆ పని మీద విరక్తి పుట్టేసింది.

కొండాపూర్‌లో ఒక బిర్యానీ హోటల్ పైన, మూడో అంతస్తులో ఉంటుంది వాళ్ల చిన్న కంపెనీ. అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర పనివాళ్లు వేలు పెట్టే హాజరు యంత్రాలు తయారుచేస్తుంది. రెండేళ్లుగా ఆ యంత్రాలను పరీక్షించడమే రజిత ఉద్యోగం. ఇప్పుడు లోపలున్న కెర్నెల్‌నే సవరించమన్నారు. కెర్నెల్ అంటే, కరెంటు రాగానే అందరికంటే ముందు లేచే ప్రోగ్రాం. తెర వెలగాలన్నా, వేలిముద్ర గాజు పనిచేయాలన్నా, నెట్ అందుకోవాలన్నా ముందు అది లేచి తక్కినవాళ్లను లేపాలి. ఈ యంత్రంలో ఆ మహాతల్లి లేచి పనిలో పడేసరికి తొంభై నాలుగు సెకన్లు పట్టేది.

నిజానికి ఆ పని రజిత అడిగి తెచ్చుకున్నదే. వాళ్లమ్మ కొమురమ్మ రోజూ బోరబండ నుంచి కొత్తగూడలోని ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు ఊడ్చి తుడిచే పనికి వెళ్తుంది. అక్కడి గేటుకున్నదీ ఈ కంపెనీ యంత్రమే. కార్లకు అడ్డమని ఏడుకు అయిదు నిమిషాల ముందు దాకా పనివాళ్లను గేటు దగ్గరికి రానివ్వరు. ఏడు దాటితే లేటు. నెలలో మూడు లేట్లు పడితే, పనివాళ్లను పంపే ఏజెన్సీ వాళ్లు ఇక రావద్దంటారు. ఆ అయిదు నిమిషాల్లో నలభై మంది వేలు పెట్టాలి. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకుందంటే యంత్రం మళ్లీ మొదటి నుంచి లేవాలి. ఇక వరుస చివరనున్న వాళ్ల గతి అంతే. కొమురమ్మకు ఈ నెల అప్పటికే రెండు పడ్డాయి. నెల పోవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

కెర్నెల్ మీద కొత్తగా చెయ్యి వేసినవాళ్లను అది ముందు ప్రశ్నలతో చంపుతుంది. ఇది ఉండాలా, వద్దా? అది ఉండాలా, వద్దా? ఒకటా రెండా, వేల ప్రశ్నలు. ఈ కంపెనీలో ఎవరో పుణ్యాత్ముడు చాలావాటికి ఉండాలనే జవాబిచ్చి పెట్టాడు. ఆటలాడే జాయ్‌స్టిక్ ఉంది. టీవీ ట్యూనర్ ఉంది. ఫ్లాపీ డిస్కు కూడా ఉంది. "గేటు దగ్గర టీవీ ఎవరు చూస్తరురా నాయనా!" అని రజిత పైకే అనేసి, కసికొద్దీ పేజీలకు పేజీలు వద్దు అని కొట్టేసింది.

యంత్రం లేవనే లేదు. తెర నల్లగా ఉండిపోయింది. రోజంతా తల బద్దలు కొట్టుకున్నాక తెలిసిందేమిటంటే, ఆ ఊపులో యంత్రం తన సామాను దాచుకునే చిప్‌ను కూడా రజిత వద్దు అని కొట్టేసింది. సామాను ఎక్కడుందో తెలియని ఇల్లాలు లేచి మాత్రం ఏం చేస్తుంది?

బుధవారం బుద్ధిగా ఒక్కొక్కటే తీసింది. ఒకటి తీయాలి, అరగంట సేపు కెర్నెల్‌ను మళ్లీ తయారుచేయాలి, యంత్రంలోకి ఎక్కించాలి, ప్లగ్గు పెట్టాలి, సెకన్లు లెక్కపెట్టాలి. మళ్లీ మొదలు. పొద్దుగూకేసరికి తొంభై నాలుగు ఎనభై ఒకటయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఇంటికి వెళ్లి అమ్మ ముఖం చూడలేక, తలనొప్పని చెప్పి పడుకుంది.

గురువారం ఇంకో సంగతి తెలిసింది. కెర్నెల్ తాను చేసే ప్రతి పనినీ లేస్తూనే చెప్పుకుంటూ పోతుందట. ఆ అక్షరాలు తెర మీద కనిపిస్తే బాగుండదని ఇక్కడెవరో దాని నోరు మూయించారు. రజిత ఆ నోరు తెరిపించి, ప్రతి మాట పక్కనా టైము పడేలా పెట్టింది. ఎనిమిదో సెకను దాకా గలగలా మాట్లాడింది. తర్వాత ఒక్క మాట లేదు. మళ్లీ అరవై ఎనిమిదో సెకనుకు గొంతు విప్పింది. ఆ మధ్యలో అది ఏ పనీ చేయడం లేదు. ఊరికే కూర్చుంది.

వెతగ్గా వెతగ్గా కెర్నెల్ రాతలో ఒకే ఒక్క వరుస దొరికింది. నెట్ కోసం అరవై సెకన్లు ఆగు, వచ్చినా రాకున్నా. పక్కన 'సేఫ్ సైడ్' అని రాసి ఉంది. కింద పేరు సుబ్బరాయుడు. ఆరేళ్ల కిందటి తేదీ.

రజితకు ఒళ్లు మండిపోయింది. ఆ వరుస తీసేసి ఎక్కిస్తే యంత్రం ఇరవై ఒక్క సెకన్లకు లేచి కూర్చుంది. పరీక్షలన్నీ రెండేసి సార్లు చేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సుబ్బరాయుడి దగ్గరికి వెళ్లింది. కడప మనిషి, కంపెనీ మొదటి యంత్రం చేసిన పెద్దాయన. ఆయన సరేననకుండా కెర్నెల్‌లో కామా కూడా మారదు.

"సార్, ఈ అరవై ఎందుకు పెట్టిన్రు?"

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "నేనేనా? ఏమో పాపా, గుర్తులేదే."

"అవసరం లేదు సార్. తీసి చూసిన. అన్నీ మంచిగనే నడుస్తున్నయి."

"అట్ల కాదు. గుర్తుంటే తీసేయొచ్చు. గుర్తులేదు కాబట్టే తీయకూడదు. తీసినాక యాడన్నా ఏమన్నా అయితే?"

"ఎక్కడ, ఏమైతది సార్?"

"అది తెలిస్తే ఇంకేముంది! అయినా ఇన్నేళ్లలో ఒక్క కస్టమరన్నా అడిగినాడా?"

వరుసలో నిలబడేవాళ్లు కస్టమర్లు కారు, వాళ్లకు ఫిర్యాదు చేసే నంబరు కూడా తెలియదు. ఆ మాట అనకుండా రజిత ల్యాప్‌టాప్ మూసేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో వాదించి లాభం లేదు. ఆయన భోజనానికి లేస్తుంటే ముందే వెళ్లి, ఆఫీసు తలుపు దగ్గరున్న తమ యంత్రం ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. దాంట్లో ఉన్నది పాత కెర్నెలే. వేలు పెడితే గాని ఆ తలుపు తెరుచుకోదు.

సుబ్బరాయుడు వచ్చి వేలు పెట్టాడు. తెర నల్లగా ఉంది. ఫోను తీయబోయాడు.

"ఫోను వద్దు సార్. గేటు దగ్గర చేతులల్ల చీపుర్లుంటయి. ఊరికే నిలబడండి."

ఆయన నవ్వాడు. ఇరవై సెకన్లకు నవ్వు పోయింది. ఇంకాసేపటికి అటూ ఇటూ కాళ్లు మార్చాడు. మళ్లీ వేలు పెట్టాడు, గాజు తుడిచి ఇంకోసారి పెట్టాడు. "ఇది చెడిపోయింది పాపా," అన్నాడు విసుగ్గా.

"చెడిపోలే సార్. మీరు రాసిన అరవై నడుస్తుంది."

తెర వెలిగాక ఆయన వేలు పెట్టాడు, తలుపు తెరుచుకుంది. తెరుచుకున్నాక బయటికి వెళ్లకుండా వెనక్కి తిరిగాడు. "ఒక్క గేటుకు పెట్టు. ముందు చూస్తాం. ఏ గేటు?"

"కొత్తగూడ. మా అమ్మ నిలబడే గేటు సార్."

శనివారం పొద్దున అమ్మతో పాటు రజితా వెళ్లింది. కరెంటు పోవడానికి ముహూర్తం పెట్టాల్సిన పని లేదు. వరుసలో సగం మంది అయ్యేసరికి పోయింది. జనరేటర్ గుర్రుమంది. అప్పుడే వరుసలో గొణుగుడు మొదలైంది. రజిత సెకన్లు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి అనుకునేలోపే తెర వెలిగింది. కొమురమ్మ వేలు పెట్టింది. ఇంకా ఏడు కాలేదు. వారం రోజుల కష్టం ఒక్కసారిగా ఎగిరిపోయి, రజితకు అక్కడే గంతులేయాలనిపించింది.

కొమురమ్మ చీపురు పట్టుకుని పక్కకొచ్చింది. "ఏం జేసినవ్ బిడ్డా?"

"లోపల ఒక్క వరుస రాత తీసేసిన అమ్మా."

"గంతేనా?"

"గంతే."

కొమురమ్మ చీపురుతో గేటు లోపలి చెట్లను చూపించింది. "మరి లింగయ్య సంగతేంది? చెట్లకు నీళ్లు వట్టేటోడు. పోయిన నెల మూడు లేట్లని తీసేసిన్రు. ఇప్పుడు కూలి కోసం అడ్డా మీద నిలవడుతుండు. ఆయినె లేటు రాలే గద బిడ్డా. మిషినే లేటు లేసింది."

రజిత సంతోషం చప్పున చల్లారిపోయింది. సిగ్గేసింది. అమ్మ ఒక్కతే గట్టెక్కితే చాలనుకుంది తను, ఆ వరుసలో ఉన్న తక్కిన వాళ్ల ఊసే తట్టలేదు. అక్కడే నిలబడి సుబ్బరాయుడికి ఫోన్ చేసింది.

"ఏం పాపా, పనిచేసిందా?"

"చేసింది సార్. పాత లేట్లు మనుషులవి కావు, మన మిషినువి అని ఏజెన్సీకి కంపెనీ తరఫున ఉత్తరం రాయాలె. పనులు పోయినవాళ్లను మళ్లా తీసుకోమని రాయాలె."

"సోమవారం చూస్తాంలే."

"సోమవారం దాక అడ్డా మీద నిలబడేది మీరూ కాదు, నేనూ కాదు సార్."

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. కాగితం చప్పుడు వినిపించింది. "సరే, పేరు చెప్పు, రాసుకుంటా."

రజిత ఫోను స్పీకర్‌లో పెట్టి అమ్మ ముందుకు చాపింది. కొమురమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"లింగయ్య. ఆయినె కంటె ముంగట సాయిలు. ఇగ కనకమ్మ, ఆమె చెల్లె పోషవ్వ. నిరుడు వానకాలంల ఇద్దరు వాచ్‌మెన్లు. రాస్తున్నవా సారూ? ఇంకా ఉన్నరు."