కెమెరాతో వెళ్లిపోయే ప్లేటు

కియాపో చర్చి వెనక వీధిలో కెమెరా సామాన్లు అమ్ముతూ నేను తేల్చుకున్నది ఒకటుంది. కెమెరాలు అమ్మినవాడికి పేరొస్తుంది, ప్లేట్లు అమ్మినవాడికి అన్నం దొరుకుతుంది. కెమెరా అడుగున మరతో బిగించే ఆ చిన్న లోహపు పలక ట్రైపాడ్ తల మీది గాడిలో కూర్చుని కెమెరాను మోస్తుంది. కెమెరా తీస్తే దాన్ని అంటిపెట్టుకునే వెళ్లిపోతుంది. అందుకే జనం దాన్ని పోగొట్టుకుంటారు. నా బతుకు ఆ మతిమరుపు మీదే నడిచింది.

ఆ శనివారం కొట్టు షట్టర్ సగం ఎత్తానో లేదో లుదివినా వంగి లోపలికి దూరింది. పెళ్లిళ్ల వీడియోలు తీస్తుంది. భుజాన ట్రైపాడ్, మెడలో కెమెరా, చేతిలో సగం తిన్న రొట్టె.

"కూయా, ప్లేటు కావాలి," అంది. కూయా అంటే మా దగ్గర అన్నయ్య. "నిన్న అద్దె కెమెరా వెనక్కిచ్చాను. నా ప్లేటు దాని అడుగునే ఉండిపోయింది."

"వెళ్లి తెచ్చుకో."

"అది పొద్దున్నే ఎవరితోనో బాగియో కొండెక్కిందట. నాకు మధ్యాహ్నం పెళ్లుంది."

"పెళ్లి నీక్కాదుగా, కంగారెందుకు?"

"నాకైతే వాయిదా వేసుకునేదాన్ని."

ఆమె ట్రైపాడ్ తల పాతది. దానికి సరిపోయే ప్లేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. డబ్బా అంతా గాలిస్తే దగ్గరి పోలిక ఉన్నదొకటి దొరికింది. గాడిలో కూర్చుంది, మీట మూసుకుంది. లుదివినా ముఖం విప్పారింది. మూలన పడున్న పాడైన కెమెరాను దానికి బిగించి తలను ముందుకు వంచాను. కెమెరా జారి నా అరచేతుల్లో పడింది. ప్లేటు వెడల్పు గోరంత తక్కువ.

"నేను వంచను కూయా. నిటారుగానే ఉంచుతాను. ఇచ్చెయ్యండి."

"పెళ్లికూతురు మోకరిల్లితే వంచవా?"

"మధ్యలో అట్టముక్క దూరుస్తాను."

"నీకున్నది ఒక్క కెమెరా. దాన్ని అట్టముక్క మీద వదిలేస్తావా?"

"మీరివ్వకపోతే ఎదుటి కొట్లో డెల్ఫిన్ ఇస్తాడు. వాడు ఇన్ని ప్రశ్నలు వెయ్యడు."

అది నిజమే. నేను కాదన్నంత మాత్రాన కెమెరా బతకదు, డెల్ఫిన్‌కి బేరం తగులుతుంది, అంతే. పైగా ఆమెది ఆ రోజు మొదటి బేరం. మొదటి బేరాన్ని ఉత్తచేతులతో పంపితే రోజంతా ఎండిపోతుందని మా వీధి నమ్మకం. నేను నమ్మనంటాను, కానీ ఎన్నడూ అలా పంపలేదు. జారే ప్లేటు అమ్మితే బోణీ దక్కుతుంది, మనిషి దక్కదు. కెమెరా పగిలిన మనిషి మళ్లీ నా దగ్గర ఏం కొంటుంది?

అద్దాల వెనకున్న కొత్త ట్రైపాడ్ కేసి చూశాను. నిన్ననే ఒక బడి మాస్టారు కొన్నాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. దాని తల విప్పి ఆమె ట్రైపాడ్ కాళ్లకు ఎక్కించాను. మర సరిగ్గా పట్టింది. దాని ప్లేటును ఆమె కెమెరాకు బిగించి, మీట వేసి, కింద చేతులు పెట్టి ముందుకు వంచాను. కదల్లేదు.

"చీకటి పడేలోపు తెచ్చియ్యాలి. తలా, ప్లేటూ, రెండూ."

"అంతకు ముందే తెస్తాను. దేవుడిలా ఆదుకున్నారు కూయా."

"దేవుడు వీధి చివర చర్చిలో ఉన్నాడు. నా దగ్గర ఏదో ఒకటి కొని వెళ్లు."

లెన్స్ తుడిచే గుడ్డ కొంది. బోణీ కలిసిరావాలని మా వీధిలో అందరూ చేసినట్టే ఆ నోటుతో సామాన్లన్నిటినీ ఒకసారి తట్టాను. బోణీ బలం ఆ గుడ్డ వరకే సరిపోయింది. తర్వాత వచ్చినవాళ్లంతా ధరలడిగి, ఫ్యాను కింద కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

ఎండ దిగాక మాస్టారు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నా ట్రైపాడ్ తల ఏదండీ?"

"చర్చికి వెళ్లింది. వచ్చేస్తుంది."

"ప్రార్థనకా?"

"పెళ్లికి."

ఆయన నవ్వాలో వద్దో తెలియక నేనిచ్చిన కాఫీ తాగాడు. అంతలో లుదివినా చెమటలు కక్కుతూ వచ్చింది. జుట్టులో ఇంకా పెళ్లి బియ్యపు గింజలున్నాయి.

"పెళ్లికూతురు మోకరిల్లినప్పుడు పూర్తిగా కిందికి వంచాను కూయా. ఇసుమంత కూడా జారలేదు."

తలను బల్ల మీద పెట్టింది. గాడి ఖాళీగా ఉంది. నేను గాడిని చూశాను. ఆమె నన్ను చూసి, తర్వాత గాడిని చూసింది.

"కెమెరా ఇంట్లో పెట్టొచ్చాను," అంది మెల్లగా.

"ప్లేటు?"

"దాని అడుగునే."

ఇంటికెళ్లే జీప్నీ బండి కోసం పరుగెత్తింది.

"ఏమైందండీ?" అన్నాడు మాస్టారు.

"ఏం లేదు. కెమెరా పడలేదట."

ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసి, సగం దించిన షట్టర్‌ను మళ్లీ పైకెత్తాను.