బరువెక్కిన నల్లరాజు

కళ్ళజోళ్ళ షాపాయన రోజూ షాపు తెరిచే ముందు తన పాత చదరంగం పెట్టెలు దించి, మెత్తటి గుడ్డకు చుక్క నూనె అద్ది పావుల్ని ఒక్కొక్కటే తుడిచేవాడు. ముప్పై ఏళ్ళుగా పోగేసిన చెక్క సెట్లు. గుర్రం జూలు చూస్తే చాలు, చెక్కినవాడికి ఎంత ఓపికో చెప్పేసేవాడు.

ఆ ఏడు కొత్తగా చేరిన సెట్టులో నల్లరాజు మాత్రం రోజురోజుకీ బరువెక్కసాగాడు. మొదట అల్మారా అర కుంగింది. కింద పెడితే గచ్చు బీటలు వారింది.

"ఏమండీ, మీ రాజుగారిని కాస్త జరిపించండి. ఊడవడానికి అడ్డం," అంది భార్య.

తమ్ముడూ, పక్కింటివాళ్ళిద్దరూ కలిసి పట్టినా రాజు అంగుళం కదల్లేదు. "ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యి అన్నయ్యా," అని తమ్ముడు నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయనకి తలెత్తబుద్ధి కాలేదు. ఆ సెట్టు వీధి చివరి టైలరమ్మది. భర్త పోయిన నెలకి, ఇదేమైనా పనికొస్తుందా అని చూపించింది. చేవ ఉన్న నల్లకర్ర, చేతి చెక్కడం. చూడగానే ఆయన గుండె ఝల్లుమంది. నోరు మాత్రం, "పురుగు పట్టిందమ్మా, ఇంట్లో ఉంచకండి. నేను పారేస్తాలెండి," అంది. పారేసే శ్రమ తప్పించారని ఆవిడ దండం కూడా పెట్టింది. ఆ దండమే ఇప్పుడు ఆయనకి ముద్ద దిగనివ్వడం లేదు.

చివరికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పేశాడు. "పురుగు లేదమ్మా. ఆశపడి అబద్ధమాడాను."

టైలరమ్మ మిషను ఆపింది. "లేదా? దానికీ పాకిందేమోనని మా ఆయన కుర్చీ కాల్చేశానే. తన చేత్తో చేసుకున్న కుర్చీ."



ఆవిడ అప్పుడే ఆయన వెంట ఇంటికి బయల్దేరి వచ్చింది. జారిపడ్డ గుండీ తీసినట్టు రాజుని రెండు వేళ్ళతో తీసి పెట్టెలో వేసుకుంది.

"నేను తెచ్చిపెడతానమ్మా."

"మీరు మోయలేరు లెండి," అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి షాపు ఒంటిపూటే. రెండోపూట ఆయన, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, వడ్రంగి దగ్గర నేల మీద కూర్చుని చిత్రిక పట్టడం నేర్చుకున్నాడు. మొదటి కుర్చీ కుంటింది. రెండోది కూర్చోగానే విరిగింది. మూడోది భుజాన వేసుకుని వీధంతా చూస్తుండగా మోసుకెళ్ళాడు.

టైలరమ్మ కుర్చీ చేతుల్ని తడిమి చూసింది. "బయట పెట్టండి," అంది. ఆయన్ని లోపలికి రమ్మనలేదు.

మర్నాడు ఆ దారిన వెళ్తూ చూశాడు. కొలతలకొచ్చిన ముసలావిడ ఎవరో అందులో కూర్చుని ఉంది. కుర్చీ కదలడం లేదు. టైలరమ్మ తలెత్తి చూస్తుందేమోనని, ఆయన గబగబా అవతలి పక్కకి దాటేశాడు.