ఎర్ర గుడ్డ కట్టిన కాయ

శనివారం చేయవలసిన పనులు:

1. షామియానా వాళ్లకు ఫోన్. ఈసారి చిరుగులు లేనిది పంపమనాలి.
2. చెరుకు గడలు పది, ఎర్రగడ్డ మార్కెట్ నుంచి. గేటుకు రెండు వైపులా కట్టాలి.
3. మైకు. పోయినసారి కుయ్యిమన్నది కాకుండా ఇంకోటి.
4. భిక్షపతి అన్న షాపులో పాటల బృందం బట్టలు.
5. జీవమణి ఆంటీ ఇంటి నుంచి బల్ల మీదికి తెల్ల దుప్పటి.
6. ఎర్ర రిబ్బను రెండు చుట్టలు.
7. సాలమన్ తాత సొరకాయ. ఆయన మరిచిపోతాడు, మనమే వెళ్లి తేవాలి.
8. కుర్చీలు తుడిపించాలి.

ఈ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎనిమిదింటికీ ఎదురుగా టిక్కులున్నాయి. ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకే అన్నీ అయిపోయాయని నేను సంతోషించాను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మా నాన్న మోసెస్ ఇళ్లకు రంగులు వేస్తాడు. నేను ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. చదువుకున్నవాడినని మా చర్చిలో ఏ పండుగ వచ్చినా రాసే పని, తిరిగే పని నాకే వస్తాయి. చెప్పిన పని చెప్పినట్టు చేయడం నాకు వచ్చు. అంతకు మించి చూడడం రాదని ఆ పండుగకు తెలిసింది.

నవంబరులో మేము కోత పండుగ చేస్తాం. పల్లెల్లో ఉన్నప్పుడు మా పెద్దలు మొదటి పంటను, అంటే వడ్లో, జొన్న కంకులో, గుమ్మడికాయో, ఒక కోడిపుంజో తెచ్చి చర్చిలో ఆరాధన బల్ల ముందు పెట్టేవాళ్లు. ఇప్పుడు మా చర్చి పంజాగుట్టలో ఉంది. వచ్చేవాళ్లలో బ్యాంకు వాళ్లు, నర్సులు, ఆటో నడిపేవాళ్లు ఉన్నారు. పొలం ఉన్నవాళ్లు లేరు. అయినా పండుగ మానలేదు. శనివారం కొన్న కాయలనే ఆదివారం మొదటి పంట అని తెస్తాం. షెర్లిన్ వాళ్లింటి నుంచి ఒక ఏడాది స్టిక్కర్లు తీయని యాపిల్ పళ్లు వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. ఆరాధన అయ్యాక అన్నింటినీ వేలం పాడతాం. పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు.

నిజంగా మట్టిలో పండించింది తెచ్చేవాడు ఒక్క సాలమన్ తాతే.

తాత అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరుకు వాచ్‌మన్. ఐదంతస్తుల బిల్డింగు. ముందంతా కోర్సుల పేర్లున్న ఫ్లెక్సీలు. పక్కన రేకుల గది, దాని ముందు చాప పరిచేంత మన్ను. ఆ మన్నులో వానాకాలం మొదట్లో ఒక తీగ పెడతాడు. అది రేకులెక్కి, అక్కడి నుంచి ఫ్లెక్సీ ఇనుప చట్రం పట్టుకుని మొదటి అంతస్తు దాకా పోతుంది. నులితీగలు ఏది దొరికితే దాన్ని చుట్టుకుంటాయి. ఇంటర్నెట్ వైరు, బట్టల తాడు, ర్యాంకు వచ్చిన అబ్బాయి ఫొటో చెవి. పట్టుకోవడానికి తగినదా కాదా అని తీగ చూడదు. అక్కడికి జిల్లాల నుంచి వచ్చే పిల్లలనూ నేను చూశాను. వాళ్లదీ అదే పద్ధతి.

తాత దాన్ని సొరకాయ అనడు, అనిగెపుకాయ అంటాడు. పొడుగు మెడ, కింద కుండలాంటి పొట్ట. బజారులో అలాంటిది దొరకదు. ఆయన ఊరు జోగిపేట అవతల ఉండేది. ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. ఊరు ఖాళీ చేసిన రోజు వాళ్లమ్మ ఆ గింజలను చీర కొంగున కట్టుకుని వచ్చిందట. అప్పటి నుంచి ఏడాదికో కాయ విత్తనానికి ఉంచుతూ, మరుసటి ఏడాది పెడుతూ ఇంతదూరం తెచ్చాడు. నేను చెప్తున్న పండుగ ఏడాది, దాచిన గింజలను ఎలుకలు తినగా మూడే మిగిలాయి. మూడూ పెడితే ఒకటే మొలిచింది. ఇదంతా ఆయన నాకు చెప్పాడు. నేను విన్నాను. విన్నది పనికొచ్చే రోజుకు గుర్తు రాకపోతే విన్నట్టు కాదని నాకు తర్వాత అనిపించింది.

సొరపూలు తెల్లగా, సాయంత్రం విచ్చుకుంటాయి. ఆఫీసు నుంచి నడిచి వస్తూ ఒకరోజు చూశాను. తాత కుర్చీ ఎక్కి ఒక పువ్వు తెంపి, దాన్ని ఇంకో పువ్వులో మెల్లగా రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తాతా?"

"గిది మొగ పువ్వు. గిది ఆడ పువ్వు, కింద పిందె ఉన్నది చూడు. ఊర్ల అయితె రెక్కల పురుగు చేస్తది గీ పని. ఈడ పురుగులన్నీ ట్యూబులైట్ల కాడికే పోతయి. అందుకే నేను చేస్తున్న."

"చర్చిల అయ్యగారికి చెప్పకుండనే పెండ్లిళ్లు చేస్తున్నవా?"

"చెప్తె రిజిస్టర్ల సంతకం పెట్టుమంటడు. జర కుర్చీ పట్టుకో, ఊగుతుంది."

పండుగకు ముందు ఆదివారం ఆయనే నాతో అన్నాడు. "దేవునిది దేవునికి పక్కకు పెడుత బిడ్డా. ఫికర్ చేయకు." ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండవలసిన మాట అది కాదు.

శనివారం ముందుగా భిక్షపతి అన్న షాపుకు వెళ్లాను. పంజాగుట్ట చౌరస్తా వెనక గల్లీలో ఉంటుంది. మగ్గాలు ఆగిపోయాక వాళ్లు సిరిసిల్ల నుంచి వచ్చి కుట్టుపని పెట్టుకున్నారు. ఆయన తల్లి కమలవ్వ గుండీలు కుడుతూ మూలన కూర్చుంటుంది. ఎవరో పసిపిల్లకు గౌను కొలతలు తీస్తుంటే పిల్ల ఏడుపు. కమలవ్వ మేకుకు వేలాడుతున్న ఎండు సొరబుర్ర తీసి గలగలమని ఆడించింది. పిల్ల టక్కున ఆగింది.

"మంచిగున్నది గదరా?" అంది నాతో. "సాలమన్ ఇచ్చిండు. యూనిఫాం చినిగితె నా తానకే వస్తడు. మూడేండ్ల కింద రెండు కాయలు విత్తనానికి విడిచిండట, ఒకటి నాకు తెచ్చిచ్చిండు."

నేను గడియారం చూసుకుని, బట్టల మూట తీసుకుని, నాలుగో పనికి టిక్కు పెట్టి బయటపడ్డాను.

అమీర్‌పేట చేరేసరికి తాత లేడు. ఆయన కుర్చీలో ఏజెన్సీ పంపిన రాజనర్సయ్య అనే ఆయన కూర్చుని ఉన్నాడు.

"ముసలాయన కండ్ల దవాఖానకు పోయిండు. పొద్దుగూకినంకనే వస్తడు."

తాతకు ఫోన్ చేస్తే గదిలోపలే మోగింది. తీగకు రెండు చిన్న పిందెలు, ఒక పెద్ద కాయ ఉన్నాయి. పెద్దకాయ తొడిమకు ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంది. మా చర్చిలో దేవుని కోసం వేరు చేసిన ప్రతి వస్తువుకూ ఎర్ర రిబ్బను కడతాం. ఆ రిబ్బను అప్పుడు నా సంచిలోనే ఉంది. పక్కకు పెడతానన్న తాత మాట, ఎర్ర గుడ్డ, ఆరో పని, ఏడో పని అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. అడగవలసింది ఏమీ కనిపించలేదు.

"పెద్దదే కోస్కపో అన్నా," అన్నాడు రాజనర్సయ్య చాకు ఇస్తూ. "దేవునికి ఎవడన్న చిన్నది ఇస్తడా?"

తొడిమ గట్టిపడి ఉంది. రెండు మూడుసార్లు కోయాల్సి వచ్చింది. తెగినచోట నీరు ఊరి, ఒక చుక్క నా మణికట్టు మీద పడింది.

ఆదివారం సాలమన్ తాత తెల్లచొక్కా వేసుకుని, తువ్వాలలో ఏదో చుట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర విప్పితే ఒక లేత సొరకాయ. శనివారం తెల్లవారుజామునే కోసి, తడి గోనెపట్టా చుట్టి మంచం కింద పెట్టాడట. దవాఖానలో కంట్లో వేసిన మందు మసకకు ఆ తర్వాత తీగ వైపు చూసుకోలేదట. దాన్ని బల్ల మీద పెట్టి, తల ఎత్తి, పక్కనే ఉన్న పెద్దకాయను చూశాడు. గుడ్డ పేలిక మీద నేను కట్టిన రిబ్బను ఉంది. ఆయన పేలికను రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను మైకు దగ్గర నుంచి నవ్వి చెయ్యి ఊపాను. ఆయన వెళ్లి తన వరసలో కూర్చున్నాడు.

వేలంలో పెద్దకాయను లోయిస్ గారు పాడుకున్నారు. ఆమెది గుంటూరు వైపు, సోమాజిగూడలో నర్సు. భోజనాలయ్యాక తాత చేతులు కడుక్కుంటుంటే నేనే పలకరించాను.

"ఈసారి రెండు కాయలా తాతా? మస్తు ఆశీర్వాదం."

"ఒకటే బిడ్డా. ఇంకోటి విత్తనం కాయ."

అప్పుడు నాకు అర్థమైంది. లోయిస్ గారిని ఆపి అడుగుదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బల్ల మీద పెట్టినంక అది నాది గాదు. ఇచ్చి మళ్ల అడుగుతరా? వద్దు."

ఆయన అడగకూడదు. కాయ ఇచ్చింది నేను కాదు కాబట్టి నేను అడగొచ్చు. ఇది నాకు నేను చెప్పుకున్న న్యాయం. సాయంత్రం ఐదింటికి లోయిస్ గారింటికి వెళ్లాను.

"అయ్యో, ఇప్పుడే తరిగేశానండీ," అన్నారామె. "ఏం కాయండీ అది, తొక్క చెక్కలా ఉంది! గింజలు తీసి చెత్తలో వేశాను. ఏంటి, అలా అయిపోయారు?"

సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆపి, చెత్తడబ్బా పేపరు మీద బోర్లించారు. ఇద్దరం కూర్చుని ఉల్లిపొట్టులోంచి, టీ పొడిలోంచి గింజలు ఏరాం. ఆమె కడిగి, మందుల డబ్బాలో దూది పరిచి పెట్టి ఇచ్చారు. ఆసుపత్రి అలవాటు.

డబ్బా తీసుకుని అమీర్‌పేట వెళ్లాను. తాత ఒక గింజను గోటితో నొక్కాడు. పాలు కారాయి.

"పాలు ఆరలే. ఇంకో నెల చెట్టుకుండాలె."

"ఆ పిందెలు?"

"చలికి నిలవయి."

ఆయనే మళ్లీ అన్నాడు. "మా ఊర్ల ఎర్రగుడ్డ కడితె దొంగ సుత ఆ కాయ ముట్టడు. పక్కది తెంపుకపోతడు, గిది ముట్టడు."

"నేను దొంగకంటె అధ్వాన్నమైన్నా తాతా?"

"దొంగకు తెలుసు. నీకు తెల్వదు. చెప్పకపోవుడు నా తప్పు." ఆ తర్వాత నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. గేటు దగ్గర ఎవరో బండి హారన్ కొడితే లేచి వెళ్లాడు. డబ్బా అక్కడే ఉంది. వెలుగు తగ్గుతున్నకొద్దీ రేకుల మీద తెల్లపూలు విచ్చుకున్నాయి. ఆ సాయంత్రం ఆయన కుర్చీ ఎక్కలేదు.

మూడు రోజులు ఆఫీసులో పని సరిగానే చేశాను. బుధవారం టైపు చేస్తుండగా పక్కసీటు ఆయన అగ్గిపెట్టె ఊపి చూసుకున్నాడు, పుల్లలున్నాయా లేవా అని. ఆ చప్పుడుకు నా చేతులు ఆగిపోయాయి. సెలవు చీటీ రాసి పెట్టి పంజాగుట్టకు నడిచాను.

"అవ్వా, ఆ బుర్ర నాకిస్తవా?"

"నీకెందుకురా? పెండ్లే కాకపాయె, పిల్లలెవలకు?" అంది కమలవ్వ.

మొదటి నుంచి చెప్పాను. ఎక్కడా నన్ను నేను తగ్గించుకోలేదు, దాచుకోలేదు. ఆమె సూది పెట్టేసి విన్నది.

"మేము సిరిసిల్ల నుంచి వచ్చెటప్పుడు మగ్గం కర్ర ఒక్కటి తెచ్చుకోలే," అంది. "పొయ్యిల పెట్టినం. ఆయన గింజ తెచ్చుకుండు." లేచి మేకు మీది బుర్ర తీసి, చెవి దగ్గర ఒక్కసారి ఆడించుకుని నా చేతిలో పెట్టింది.

"ఇగ పిల్లలేడిస్తె ఏం జేస్తవే అమ్మా?" అన్నాడు భిక్షపతి అన్న మిషను ఆపకుండా.

"నువ్వు పాట పాడు. ఇంక గట్టిగ ఏడ్సి కొలతలియ్యకుండనే ఉరుకుతరు."

తాత బుర్రను మెట్టుకు వేసి కొట్టాడు. నలభై దాకా గింజలు రాలాయి. బకెట్ నీళ్లలో వేస్తే చాలా వరకు తేలాయి. తేలినవి తాలు. అడుగుకు మునిగినవి తొమ్మిది. వాటిని తుడిచి ఐదు తన జేబులో వేసుకుని, నాలుగు నాకిచ్చాడు.

"నాకెందుకు తాతా? నేను మళ్ల ఏదన్న చేస్తె?"

"నీ తాన కాయిదం ఉంటది గద. రాసి పెట్టుకో."

ఫిబ్రవరిలో ఆ బిల్డింగు రిపేరుకు ఇచ్చారు. రేకుల గది తీసేశారు, మన్ను మీద టైల్స్ పరిచారు. ఏజెన్సీ వాళ్లు తాతను ఊరి చివర ఒక పెద్ద అపార్టుమెంటుకు పంపారు. ఆదివారం డ్యూటీ, చర్చికి రాలేడు. ఫోన్ చేస్తే అన్నాడు. "ఈడ కింద అంత సిమెంటే బిడ్డా. పార్కింగు. గింజలు జేబులనే ఉన్నయి."

నా నాలుగింటిని జూన్‌లో నాన్న రంగు డబ్బాలో, మేడ మీద పెట్టాను. రెండు మొలిచాయి, ఒకటి నిలిచింది. సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే కుర్చీ ఎక్కుతాను. మొదటి నెల మగపువ్వేదో ఆడపువ్వేదో తెలియక వారం రోజులు వృథా చేశాను. కింద నాన్న కుర్చీ పట్టుకుని, డిగ్రీ చదివించింది ఇందుకేనా అంటాడు. కాని కుర్చీ వదలడు.

ఇప్పుడు ఒక పెద్దకాయ ఉంది. భిక్షపతి అన్న షాపులో ఎర్రపేలిక అడిగి తెచ్చి కట్టాను. కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీశాను: ఇది విత్తనం కాయ, కోయవద్దు. తాతకు ఫోన్‌లో చెప్తే అట్టముక్క సంగతికి చాలాసేపు నవ్వాడు. కళ్లు ఇంకా మసకగానే ఉన్నాయట.

డిసెంబరు చివరికి గింజలు ఆరుతాయి. కావలసినవాళ్లు మా మేడ మీదికి వచ్చి తీసుకెళ్లవచ్చు. పెట్టినవాళ్లు ఒక్క కాయకు ఎర్రగుడ్డ కట్టండి. ఎందుకు కట్టారో ఇంట్లో పిల్లలకు, పక్కింటివాళ్లకు, పండుగ పనుల మీద తిరిగే నాలాంటివాళ్లకు చెప్పండి. ఆ ముడి వేసేటప్పుడు, గింజలు జేబులో పెట్టుకుని సిమెంటు మీద కాపలా ఉన్న సాలమన్ తాతను ఒక్కసారి తలుచుకోండి.